సగంలో ఆగిన చాటింపు

మా మనవరాలు డాక్టరు. ఈ మధ్య పెద్ద జబ్బు ఊళ్లను ఊపేసి పోయాక, ఆమె, ఆమె స్నేహితులు మా ఇంట్లో కూర్చుని ఊపిరితిత్తుల రక్తనాళాల గురించి తెగ మాట్లాడుకునేవాళ్లు. జ్వరం తగ్గి నెలలు గడిచినా కొందరికి ఆయాసం ఎందుకు పోదో, గాలి బాగానే ఆడుతున్నా రక్తం దారి ఎలా మూసుకుపోతుందో, ఏ స్కానింగు తీస్తే అది కనబడుతుందో చెప్పుకునేవాళ్లు. వినీ వినీ ఒకరోజు నేను, "అలాంటి రోగిని నేను గేదెల పుణ్యమా అని పట్టుకున్నాను" అన్నాను. తొంభై ఏళ్ల మనిషి ఏదో అంటోందని మర్యాదగా నవ్వి, మళ్లీ వాళ్ల మాటల్లో పడిపోయారు. అందుకే ఇది రాస్తున్నాను. చిన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

1957లో నాకు మొదటి పోస్టింగు ఆళ్లగడ్డలో వచ్చింది. మాది కృష్ణా డెల్టా. నంద్యాలలో రైలు దిగి, పైన మేకలూ లోపల మనుషులూ ఎక్కిన బస్సులో ఆళ్లగడ్డ చేరేసరికి నా తెల్లచీర ఎర్రమట్టి రంగుకు తిరిగింది. ఆసుపత్రి అంటే రెండు గదులు, పొడుగాటి వరండా, ముందు పెద్ద ఆవరణ. గుమ్మంలో కాంపౌండరు నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, మీసాలు దట్టంగా ఉన్నాయి. నాకు ముందు పనిచేసిన డాక్టర్లందరినీ ఆయనే బదిలీ చేయించాడని ఊళ్లో అనుకునేవారు. అది అబద్ధం. వాళ్లంతట వాళ్లే పారిపోయారు.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పెండ్లయినాదా అమ్మా?" అన్నాడు.

"కాలేదండీ."

"అయితే కొన్నాళ్లుంటావులే" అని నా పెట్టె అందుకున్నాడు.

నేను సరిగ్గా ఫ్లూతో పాటే ఊళ్లో దిగాను. ఆ ఏడాది దేశమంతా తుమ్మింది, దగ్గింది. ఆళ్లగడ్డ కూడా వెనకబడలేదు. జనం దానికి "కొత్త జొరం" అని పేరు పెట్టారు. సీసాల్లో కలిపితే చాలక కాంపౌండరు పెళ్లిళ్లకు సాంబారు కాచే గంగాళం తెప్పించి, ఎర్ర మిక్చరు అందులో కలిపాడు. గరిటెతో పోస్తూ, "అన్నం ల్యాకపోయినా సాంబారు తాగండి" అనేవాడు.

జాగ్రత్తలు ఊరికి తెలియజేయాలి గదా. ఆ పని ఊరి చాటింపు మనిషిది. నలభై ఏళ్లుంటాయి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మెడలో తప్పెట వేలాడేది. ఆయన బస్టాండు దగ్గర నోరు తెరిస్తే సంతలో బేరాలు ఆగేవి. నేను చెప్పి పంపింది రెండే ముక్కలు: జ్వరమొచ్చినవాళ్లు ఇల్లు కదలకూడదు, తుమ్మేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఆయన దానికి తన సొంతం కలిపాడు.

"గుడ్డ ల్యాకుంటే పక్కకు తిరిగి తుమ్మండప్పా. ఎదురుగా ఉండేది మీ మామైనా సరే, ఆయప్ప మొగాన తుమ్మొద్దండి."

చివరికి ఆ జ్వరం ఆయన్నీ పట్టుకుంది. నిమోనియాలోకి దిగింది. మా వరండాలోనే మంచం వేసి పెన్సిలిన్ సూదులు పొడిచాం. గండం గడిచింది. ఇంటికి పంపాక కూడా చాలా రోజులు మంచం దిగలేకపోయాడు. తర్వాత లేచి, తప్పెట మెడలో వేసుకుని, మాకు దండం పెట్టి పోయాడు. బాగైపోయినవాళ్లలో ఆయన్నీ కలిపేసుకుని మేం వేరే పనుల్లో పడ్డాం. జ్వరం దిగితే కథ అయిపోయిందనుకునే రోజులవి.

చలికాలంలో ఒకరోజు ఆసుపత్రికొచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, దమ్ము చాల్తల్యా" అన్నాడు.

మా వైపు దమ్ము కొట్టడమంటే చుట్టో బీడీయో కాల్చడం. నాకు కోపమొచ్చింది. నిమోనియా వచ్చి బతికిన మనిషి, దమ్ము చాలడం లేదని డాక్టరుతోనే చెబుతాడా?

"దమ్ము పూర్తిగా మానెయ్" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. "మానేస్తే సచ్చిపోతా గదమ్మా?"

"మానేస్తే ఎవరూ చావరు. నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది, అంతే."

పక్కగదిలో కాంపౌండరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఇవతలకొచ్చి, "అమ్మా, ఆయప్ప బీడీ సంగతి చెప్తల్యా. ఊపిరి అందడంల్యా అంటాండాడు. పాపం, ఊపిరి మానెయ్యమంటివి" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. తర్వాత చాలా రోజులు నన్ను చూస్తే పిల్లలు ముక్కు మూసుకుని నవ్వేవారు.

పరీక్ష చేశాను. కుర్చీలో ఆయన దర్జాగా ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో పిల్లికూతల్లేవు, గురగురల్లేవు. కళ్లె పరీక్షలో క్షయ లేదని తేలింది. ఇక మిగిలింది ఉబ్బసమేనని బిళ్లలిచ్చాను. బిళ్లలు అయిపోయాయి, ఆయాసం మాత్రం అలాగే ఉంది.

ఈలోగా ఊరి చాటింపులు సగంలో తెగిపోవడం మొదలైంది. మాట మధ్యలో దమ్ము చాలక ఆయన ఆగేవాడు. విన్నవాళ్లు అంతే కాబోలనుకుని పోయేవాళ్లు. వేలంపాట ఉందని తెలిసేది గానీ ఏ వస్తువుకో తెలిసేది కాదు. అది ఎందుకంటే ఊళ్లో తలా ఒకటి చెప్పేవారు. పొద్దున్నే తాగుతున్నాడని కొందరు, గిట్టనివాళ్లు మందు పెట్టారని కొందరు, ఒళ్లు బరువెక్కిందని కొందరు. మా కాంపౌండరు మూడూ నమ్మేవాడు.

అలా ఉండగా పశువులకు గొంతువాపు రాకుండా సూదులు వేసేందుకు పశువుల డాక్టరు ఊరికొచ్చాడు. చాటింపు వేయమన్నారు. మా వాడు తప్పెట కొట్టి, "రేపు పొద్దున గొడ్లకు సూదులేస్తారు. అందరూ గొడ్లను తోలుకొని ఆస్పత్రికాడికి రావాల" అన్నాడు. పశువుల ఆస్పత్రికి, మనుషుల ఆస్పత్రికి కాదు అని ఇంకో ముక్క ఉంది. దానికి ఊపిరి మిగల్లేదు.

మర్నాడు పొద్దున కాంపౌండరు గదిలోకొచ్చి, "అమ్మా, ఈ పొద్దు రోగులు శానామంది ఉండారు" అన్నాడు.

"మళ్లీ జ్వరాలా?"

"ఏమో మల్ల. అందరికీ నాలుగు కాళ్లుండాయి."

బయటికొచ్చి చూస్తే ఆవరణ నిండా గేదెలు, ఎద్దులు, ఆవులు. ఒక గేదె వరండా ఎక్కి, ఆరేసిన కట్టుగుడ్డలు నములుతోంది. దొర్నిపాడు నుంచి తెల్లారకముందే బయల్దేరిన ఒక పెద్దరైతు తన గేదెతో ముందు వరుసలో ఉన్నాడు. ఇది మనుషుల ఆసుపత్రి అని చెప్పాను.

"అంతదూరం తోలుకొస్తిని తల్లీ. యా సూదైతే ఏమి, నీకాడ ఉండేదే ఒగటి పొడువు" అన్నాడు.

"నేను మనుషుల డాక్టర్నండీ."

"ఎనుము ఏమన్నా అంటాదా? పూచీ నాది."

ఈ గందరగోళం కబురు అందిందేమో, చాటింపు మనిషి గేటులోంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. అందరికీ దండాలు పెడుతూ, తప్పు చెప్పుకుంటూ వస్తున్నాడు. గేటు నుంచి వరండాకి ఎంత దూరమని? సగం దూరంలోనే ఆగి, పక్కనున్న గేదె వీపు మీద రెండు చేతులూ ఆనించి వాలిపోయాడు. పెదాలు నీలంగా అయ్యాయి. మెడలో నరం తాడులా లేచింది. జనం నవ్వుతున్నారు. నాకు నవ్వు ఆగిపోయింది. అన్నాళ్లూ నేనాయన్ను చూసింది కుర్చీలోనే. నడుస్తుంటే ఎలా ఉంటాడో చూడటం అదే మొదటిసారి.

చిన్నవాళ్లకు ఇక్కడొక మాట. మీ దగ్గర ఎన్ని యంత్రాలున్నా సరే, ఆయాసమని వచ్చిన మనిషిని కుర్చీలోంచి లేపి నాలుగడుగులు వేయించండి.

అక్కడే, గేదెల మధ్యే స్టెతస్కోపు పెట్టాను. ఊపిరితిత్తులు ఎప్పట్లాగే శుభ్రంగా ఉన్నాయి. గుండె చేసే రెండో చప్పుడు మాత్రం తలుపు దభాలున వేసినట్టుంది. కిందికి చూశాను. ఎడమకాలు వాచి ఉంది.

"ఈ కాలు ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"కొత్త జొరమొచ్చి పండుకున్యాను గదా, అప్పటినుంచి. అప్పుడు శానా నొప్పి గూడా."

"మరి నాతో చెప్పలేదేం?"

"నువ్వు ఊపిరి సంగతి అడుగుతాంటివి. ఊపిరి కాలితో పీల్చం గదా అని చెప్పల్యా."

ఆ సాయంత్రమే పంచాయతీ ప్రెసిడెంటు వచ్చాడు. భూమీ పుట్రా ఉన్న పెద్దమనిషి, మాట కటువు. "డాక్టరమ్మా, వాడు తాగి కూస్తాండాడు. వేరేవాణ్ని పెట్టుకుంటాం" అన్నాడు. తాగుడు కాదు, రోగమని చెప్పాను. ఏం రోగమని అడిగాడు. నాకే తెలిస్తే గదా చెప్పడానికి. నంద్యాలకు తీసుకుపోయి వచ్చేదాకా ఆగమని బతిమాలాను. "సరే, బేగా తేల్చు" అన్నాడు.

మర్నాడు నంద్యాల బస్సెక్కాం. ఆయన భార్య కూడా వచ్చింది. భర్త భుజం కూడా అందని పొట్టి మనిషి, పుట్టిల్లు గోస్పాడు. దారిలో ఆయనకు వాంతి వచ్చేలా ఉంటే ఆవిడ వెనక సీట్లోంచి "బస్సు నిలబెట్టప్పా" అంది. ఇంజను రొదలో పక్కవాడి మాట నాకు వినబడటం లేదు. డ్రైవరు మాత్రం ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు.

నంద్యాలలో నేను చూపించదలచుకున్న పెద్ద డాక్టరు గారు యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు. ఎవరైనా గుమ్మం దాటకముందే రోగం పేరు చెప్పేయడం ఆయన అలవాటు.

దూరం నుంచే చూసి, "క్షయ" అన్నారు.

"కళ్లెలో లేదు సార్."

"అయితే ఉబ్బసం."

"ఊపిరితిత్తుల్లో కూత లేదు సార్. బిళ్లలకూ లొంగలేదు."

ఆయన కళ్లజోడు తీసి మొదటిసారి నా వైపు తిరిగారు. నేను మొత్తం చెప్పాను: ఫ్లూ, నిమోనియా, మంచం, కాలు, గేదె. గేదె దగ్గర కాస్త తడబడ్డాను. ఆయన నవ్వలేదు. ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తులు తేటగా ఉన్నాయి గానీ, గుండె కుడివైపు కొంచెం పెరిగినట్టుంది. ఆయన లేచి వచ్చి, "నువ్వేం పని చేస్తావు?" అని రోగిని అడిగారు.

"చాటింపు వేస్తా సార్."

"ఇక్కడ వెయ్యి. నేను వింటాను" అని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు.

మా వాడు మొహమాటపడి, తర్వాత గొంతు సవరించుకుని, వార్డు అదిరేలా మొదలుపెట్టాడు. "ఇందుమూలంగా ఆస్పత్రిలో ఉండే జనానికందరికీ తెలియజేసేదేమంటే, పెద్ద డాక్టరు సారు రేపటి నుంచి..." అక్కడ ఊపిరి అయిపోయింది. మంచానికి ఆనుకుని రొప్పుతున్నాడు. పెద్ద డాక్టరు కళ్లు మూసుకుని వింటున్నారు. వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. మూలమంచం మీద కాలు విరిగినాయన ఆగలేక, "రేపటి నుంచి ఏందప్పా? చెప్పు, నాకు బయం అయితాంది" అన్నాడు.

పెద్ద డాక్టరు గారు స్టెతస్కోపు తీసి, నాకూ, ఆ దంపతులకూ కలిపి చెప్పారు. సైన్యంలో ఇలాంటివాళ్లను చూశానన్నారు. ఫ్లూ వచ్చి మంచంలో ఉండగా కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, ఆ గడ్డలు ఎగబాకి ఊపిరితిత్తుల నాళాల్లో ఇరుక్కున్నాయి, కొన్ని కరగకుండా ఉండిపోయాయి. గాలి వస్తుంది, దాన్ని అందుకునే రక్తానికి దారి లేదు. సగం దార్లలోంచే మొత్తం రక్తాన్ని తోయాలి గనక గుండె అలిసిపోతోంది.

"కేసీ కాలువ చూశావు గదా?" అన్నారు రోగితో. "అందులో పూడిక పడితే నీళ్లు ఎట్లా ఎగదంతాయో, నీ లోపల అట్లా ఉంది."

"అయితే పూడిక తీపించండి సార్."

"పారలిచ్చి మనుషుల్ని లోపలికి దింపలేం గదా నాయనా."

భార్య నవ్వింది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత పెద్ద డాక్టరు గారు చెప్పిన దానికి ఎవరం నవ్వలేదు. ఇది పూర్తిగా తగ్గదు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు మద్రాసులో ఉంది గానీ, అది వాడితే మాటిమాటికీ రక్తం పరీక్ష చేస్తుండాలి. ఆ పరీక్ష మాకు లేదు, పరీక్ష లేకుండా వాడితే ఆ మందే చంపుతుంది. గుండెకు బలమిచ్చే బిళ్లలు, నీరు తగ్గే సూదులు, ఉప్పు తగ్గించడం, ఇంతే మా చేతిలో ఉన్నవి. బరువెత్తకూడదు, మిట్ట ఎక్కకూడదు, గట్టిగా అరవకూడదు. అరుస్తూ అరుస్తూ ఒకరోజు పడిపోతే లేపడం ఎవరి వల్లా కాదు.

తిరుగు బస్సులో ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మా, గొంతులో ఏం రోగం ల్యా గదా?"

"లేదు. గొంతు బంగారంలా ఉంది."

"మరి ఇంత గొంతు పెట్టుకొని నేనేం జెయ్యాల?"

నేనేదో చెప్పేలోపే ఆవిడ అందుకుంది. "గమ్మునుండు. నువ్వు నోరు మూసుకుంటే బతుకుతావంట. నేను తెరుస్తా."

నాకు మొదట అర్థం కాలేదు. ఆళ్లగడ్డలో దిగేసరికి అర్థమైంది. తప్పెట ఆయన కొడతాడు, చాటింపు ఆవిడ వేస్తుంది.

పంచాయతీ ఆఫీసు ముందు ప్రెసిడెంటు ఆ మాట విని తల అడ్డంగా ఊపాడు. "ఆడమనిషి చాటింపు వెయ్యడం యాడన్నా ఉండాదా? మగోళ్లు ఇంటారా?"

నేను రోగం గురించి చాలా శాస్త్రీయంగా చెప్పాను. రక్తనాళాలు, గుండె కుడిభాగం, అన్నీ. ఆయన మర్యాదగా విన్నాడు గానీ కరగలేదు. అప్పుడు మా కాంపౌండరు, అంతకుముందు తాగుడని వాదించిన మనిషే, గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఆయమ్మ ఇంట్లో మొగుణ్ని తిడితే మా ఆస్పత్రికి ఇనపడతాది. మధ్యలో మీ ఇల్లుండాది. మీకు ఇనపడల్యా?"

ప్రెసిడెంటు తన ఇంటి వైపు ఓసారి చూసి, "ఇనపడతాది" అని ఒప్పుకున్నాడు. సంతరోజు ఒకసారి వేసి చూపించమన్నాడు. జనం వింటే సరే, వినకపోతే వేరే మనిషి.

సంతరోజు నేను పనంతా కాంపౌండరుకు అప్పజెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే చొక్కా మార్చుకుని గేటు దగ్గరున్నాడు. ఇద్దరం ఆసుపత్రికి తాళం వేసి వెళ్లాం. చెప్పాల్సింది పిల్లలకు మశూచి టీకాల సంగతి. ప్రెసిడెంటు ఒక పక్క చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా చాటింపు మనిషి తప్పెట కొట్టాడు. జనం తిరిగారు. ఆవిడ నోరు తెరిచింది. లోపలినుంచి పిచ్చుక అరిచినంత శబ్దం వచ్చింది.

ఇంట్లో తిట్టడం వేరు, సంతలో వందలమంది చూస్తుండగా మాట్లాడటం వేరు. ఆవిడ చీర చెంగు పట్టుకుని బిగుసుకుపోయింది. ఎవరో నవ్వారు. ప్రెసిడెంటు నా వైపు చూసి కనుబొమలు ఎత్తాడు. మా వాడు మళ్లీ తప్పెట కొట్టాడు. ఈసారి పిచ్చుక కూడా అరవలేదు.

అప్పుడాయన తప్పెట ఆపి, పక్కనున్న మిరపకాయల వ్యాపారితో, ఆవిడకు వినబడేలా, మామూలు గొంతుతో అన్నాడు. "ఏం జేస్తాం లేన్నా. గోస్పాడోళ్లకు ముందునుంచీ నోరు తక్కువ. వాళ్లమ్మా అంతే."

"ఎవురికి?" అంది ఆవిడ. ఆ ఒక్క మాటకే కూరగాయల వరుసలో సగంమంది తిరిగి చూశారు. "మా గోస్పాడోళ్లకా? మా అమ్మకా నోరు తక్కువ? పండుకొని ల్యాసిన మొగం నీకు, మా అమ్మ సంగతెందుకు?" ఇక వరద మొదలైంది. అత్తగారి వంటలు, ఆడబిడ్డ పెళ్లి, అన్నీ వచ్చాయి. సంత మొత్తం నిశ్శబ్దంగా వింటోంది. ఆయన లయ తప్పకుండా తప్పెట మీద చిన్నగా వాయిస్తున్నాడు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "టీకాలు" అని నెమ్మదిగా అందించాడు.

"ఆ, టీకాలు" అని అదే కోపంతో ఆవిడ జనం వైపు తిరిగింది. "ఇనండప్పా. రేపు పొద్దున మీ పిల్లోళ్లకందరికీ టీకాలేస్తారు. మనుషుల ఆస్పత్రికాడ. పిల్లోళ్లను పిల్చుకొని రాండి, గొడ్లను తోలుకొని వచ్చినారంటే నాకాడ మాట పడతారు."

మర్నాడు అంతమంది పిల్లలు నా ఉద్యోగంలో మరెప్పుడూ రాలేదు. ఒక్క తల్లి కూడా ఎగ్గొట్టే ధైర్యం చేయలేదు. ప్రెసిడెంటు కూడా తన మనవణ్ని ఎత్తుకొచ్చాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ జంటగానే తిరిగేవారు. ఆయన రెండు వీధులకొకసారి అరుగు మీద కూర్చుంటే ఆవిడా కూర్చునేది. నేను నెలకోసారి ఆయన్ను వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించి చూసేదాన్ని. కొన్ని నెలలు తేలిగ్గా నడిచేవాడు, కొన్ని నెలలు మధ్యలోనే స్తంభం పట్టుకునేవాడు. కర్నూలు పంపి గుండె పరీక్ష చేయిస్తే పెద్ద డాక్టరు గారి మాటే నిజమైంది. మాకు తెలిసిన దానితో మేం కాలం నెట్టుకొచ్చాం. ఈ రోజుల్లోనైతే ఆ గడ్డలను కోసి తీసేవాళ్లున్నారని మనవరాలు చెబుతుంది. విన్నప్పుడల్లా నాకు సంతోషం వేస్తుంది, వెంటనే ఆ వరండా స్తంభం గుర్తొస్తుంది.

నేను అక్కణ్నుంచి వచ్చేశాక కొన్నేళ్లకు ఒక పెళ్లిలో కాంపౌండరు కలిసి, ఆయన పోయాడని చెప్పాడు. ఇంట్లోనే, అన్నం తిని గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఆవిడ చాటింపు మానలేదట.

నాకు మాత్రం ఆయన అనగానే 1960లో నేను ఆళ్లగడ్డ వదిలిన రోజే కళ్లకు కడుతుంది. నంద్యాల బస్సు బయల్దేరబోతోంది. ఇద్దరూ తప్పెటతో వచ్చారు. ఆవిడ మొదలుపెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు" అన్నాను కిటికీలోంచి.

"ఒగ మాటే అమ్మా."

తప్పెట కొట్టి, తల పైకెత్తి, "మన డాక్టరమ్మ పోతాండాది" అన్నాడు. ఎప్పటి గొంతే అది, బస్టాండంతా తిరిగి చూసింది. అక్కడ దమ్ము అయిపోయింది. ఒక చెయ్యి బస్సు మీద ఆనించి, వంగి నిలబడ్డాడు. మిగతాది తను పూర్తి చేయబోయి, ఆయన మొహం చూసి ఆవిడ నోరు మూసుకుంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఈసారి మాత్రం చాటింపు అయిపోయిందనుకుని ఎవరూ వెళ్లిపోలేదు. టీ కొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగింది. అందరం అలాగే నిలబడి, ఆయన ఊపిరి కోసం కాచుకున్నాం.

ఆయన నెమ్మదిగా తలెత్తాడు.

"మల్ల రావాల" అన్నాడు.

అప్పుడు బస్సు కదిలింది.